21 ఎంఎం కావాలా, 22 కావాలా? పికప్ ట్రక్ లగ్ నట్లకు సరైన సాకెట్ ఎంచుకునే పద్ధతి

అమెరికాలో పికప్ ట్రక్ కొన్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "నా ట్రక్‌కు ఏ సాకెట్ కొనాలి?" చక్రాన్ని పట్టి ఉంచే నట్లే లగ్ నట్లు, వాటి మీద తొడిగి తిప్పే గొట్టం లాంటి పనిముట్టే సాకెట్. జవాబుగా ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ అంకె ఒక్కటే పట్టుకుని సాకెట్ కొన్నవాళ్లు హైవే పక్కన ఇరుక్కుపోతున్నారు. కారణం చిన్నదే. కంపెనీ బిగించిన నట్ సైజు ఒకటి, ఈరోజు మీ చక్రం మీద ఉన్న నట్ సైజు ఇంకొకటి కావచ్చు. సెకండ్‌హ్యాండ్ ట్రక్ అయితే మరీనూ.

అందుకే ఈ మార్గదర్శిలో ట్రక్ పేరు కన్నా నట్‌కే ఎక్కువ విలువ ఇచ్చాను. ఒక గంట కేటాయించి, ఇంటి ముందు, పగటి వెలుతురులో ఈ పని పూర్తి చేసుకోండి. పంచర్ అయిన రోజున టెన్షన్ ఉండదు.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెర్నియర్ క్యాలిపర్. చవకరకం డిజిటల్‌ది చాలు.
- ట్రక్ ఓనర్స్ మాన్యువల్. పుస్తకం లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.
- ట్రక్‌తో వచ్చిన జాకీ, లగ్ రెంచ్. పికప్‌లలో ఇవి సాధారణంగా వెనుక సీటు కింద గానీ, సీటు వెనక గానీ ఉంటాయి.
- వైర్ బ్రష్, పాత గుడ్డ.
- చేతి గ్లవ్స్, కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు.
- వీలైతే స్నేహితుల దగ్గర నుంచి 19, 20, 21, 22 ఎంఎం సాకెట్లు అరువు తెచ్చుకోండి. కొనే ముందే పెట్టి చూసుకోవచ్చు.

ట్రక్‌ను చదునైన నేల మీద ఆపి, పార్కింగ్ బ్రేక్ వేయండి. కొలతలకు జాకీ ఎత్తే పని లేదు.

## 2. ఎం14 అని ఉంటే 14 సాకెట్ కాదు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో మీ ట్రక్ లగ్ నట్ కోసం వెతికితే "ఎం14×1.5" లాంటి రాత కనిపిస్తుంది. అందులో 14 అంటే నట్ ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్, దాని లావు, మిల్లీమీటర్లలో. 1.5 అంటే ఒక మరకూ తర్వాతి మరకూ మధ్య దూరం. కొత్త నట్లు కొనేటప్పుడు ఈ రెండూ కావాలి. సాకెట్ కొనేటప్పుడు పనికిరావు.

సాకెట్‌కు కావాల్సింది నట్ బయటి కొలత. ఆరు పలకల నట్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు పలకల మధ్య దూరం అన్నమాట. ఎం14 స్టడ్ ఉన్న ట్రక్‌లలోనే ఒకదానికి 21, మరొకదానికి 22 సాకెట్ పడుతుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే అంకె ఇంకా పెద్దగా వస్తుంది. అది తప్పు కొలత.

## 3. కంపెనీ నట్లు అయితే ఉండాల్సిన సైజు

కింద ఇచ్చినవి కంపెనీ నుంచి వచ్చిన నట్ల సైజులు. వీటిని మొదటి అంచనాగా మాత్రమే తీసుకోండి. నట్‌ను ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే బిగింపు అంకెలను మీ సంవత్సరం, మోడల్ మాన్యువల్‌తో తప్పకుండా సరిచూసుకోండి.

- ఫోర్డ్ ఎఫ్-150 (2015 నుంచి): స్టడ్ ఎం14×1.5, సాకెట్ 21 ఎంఎం, బిగింపు 150 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 204 న్యూటన్ మీటర్లు. 2004–2014 ట్రక్‌లకు సాకెట్ అదే 21, కానీ మర 2.0. అందువల్ల ఆ రెండు తరాల నట్లు ఒకదానికొకటి ఎక్కవు.
- షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెరా 1500: స్టడ్ ఎం14×1.5, సాకెట్ 22 ఎంఎం, బిగింపు 140 ఫుట్-పౌండ్లు (190 న్యూటన్ మీటర్లు).
- రామ్ 1500 (2013 నుంచి): స్టడ్ ఎం14×1.5, సాకెట్ 22 ఎంఎం, బిగింపు 130 ఫుట్-పౌండ్లు (176 న్యూటన్ మీటర్లు).
- టొయోటా టకోమా (2005–2023): స్టడ్ ఎం12×1.5, సాకెట్ 21 ఎంఎం, బిగింపు 83 ఫుట్-పౌండ్లు (113 న్యూటన్ మీటర్లు).
- టొయోటా టండ్రా (2007–2021): స్టడ్ ఎం14×1.5, సాకెట్ 22 ఎంఎం, అలాయ్ చక్రాలకు బిగింపు 97 ఫుట్-పౌండ్లు (131 న్యూటన్ మీటర్లు), స్టీల్ చక్రాలకు 154 (209 న్యూటన్ మీటర్లు).
- నిస్సాన్ ఫ్రాంటియర్ (2005–2021): స్టడ్ ఎం12×1.25, సాకెట్ 21 ఎంఎం, బిగింపు 98 ఫుట్-పౌండ్లు (133 న్యూటన్ మీటర్లు).

స్థూలంగా చూస్తే పికప్‌లలో ఎక్కువ భాగం 21 లేదా 22లోనే ఉంటాయి. కార్లలో బాగా కనిపించే 19 ఎంఎం, ఇంట్లో హోండా అకార్డ్ కోసం కొన్నది, ఈ ట్రక్‌లకు పనికిరాదు. ఒక ఇంట్లో అలాంటి కారూ ట్రక్కూ రెండూ ఉంటే రెండు సాకెట్లూ విడిగా ఉండాల్సిందే.

## 4. నట్‌ను కొలవడం

ఇప్పుడు అసలు పని. నాలుగు చక్రాల మీదున్న ప్రతి నట్‌నూ చూడాలి, ఒక్కటి కొలిచి వదిలేయొద్దు. పాత యజమాని ఒక చక్రానికి వేరే నట్లు వేయించి ఉండొచ్చు.

1. నట్ మీదున్న మట్టి, తుప్పు వైర్ బ్రష్‌తో దులపండి. అలాయ్ చక్రానికి బ్రష్ తగలకుండా చూసుకోండి.
2. నట్ పైన కనిపించేది ప్లాస్టిక్ టోపీయా, లోహమా చూడండి. సిల్వరాడో లాంటి కొన్ని ట్రక్‌లలో మధ్య కవర్‌ను పట్టుకుని ఉండేలా నట్ మీద ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. టోపీని కొలిస్తే వచ్చేది టోపీ సైజే. దాన్ని చేత్తో గానీ, లగ్ రెంచ్‌తో మెల్లగా గానీ వదులు చేసి తీసి, కింద ఉన్న నట్‌ను కొలవండి. టోపీ మీద ఇంపాక్ట్ గన్ (దెబ్బలు వేస్తూ నట్‌ను తిప్పే మెషిన్) అసలు పెట్టొద్దు, పగిలిపోతుంది.
3. క్యాలిపర్ దవడలను ఎదురెదురు పలకలకు సమంగా ఆనించండి. వంకరగా పెడితే కొలత పెరుగుతుంది.
4. ఒకే నట్‌కు మూడు జతల పలకలు ఉంటాయి. మూడింటినీ కొలవండి.
5. అంకెలను కాగితం మీద రాసుకోండి. "ముందు ఎడమ, 3వ నట్, 21.4" అని రాస్తే చాలు.

అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? బాగున్న నట్ తన పేరు సైజు కన్నా కాస్త తక్కువగానే ఉంటుంది. 20.7 నుంచి 21.0 మధ్య వస్తే అది 21 నట్. 21.7 నుంచి 22.0 మధ్య వస్తే 22 నట్. ఈ రెండింటి మధ్య 21.3, 21.4 లాంటివి వచ్చినా, మూడు జతలకు మూడు వేర్వేరు అంకెలు వచ్చినా ఆ నట్ ఉబ్బి ఉండొచ్చు. దాని సంగతి 9వ మెట్టులో చెబుతాను.

క్యాలిపర్ లేకపోతే సర్దుబాటు చేసుకునే రెంచ్‌ను నట్ మీద బిగువుగా మూసి, తీసి, ఆ ఖాళీని స్కేలుతో కొలవండి. అర ఎంఎం తేడా దీంతో పట్టుబడదు కాబట్టి తర్వాతి పరీక్ష తప్పనిసరి.

## 5. సాకెట్ పెట్టి చూసే పరీక్ష

కొలత ఏం చెప్పినా ఆఖరి తీర్పు ఈ పరీక్షదే.

చిన్న సైజుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. నట్ మీదకు పూర్తిగా, సుత్తి లేకుండా దిగే మొదటి సాకెట్ మీది. పెద్దదాంతో మొదలుపెట్టకండి. 22 సాకెట్ 21 నట్ మీద సుఖంగా దిగుతుంది, కొంచెం తిరుగుతుంది, సరిపోయిందనే భ్రమ కలిగిస్తుంది. బలం పెట్టగానే మూలలను గుండ్రంగా అరగదీస్తుంది.

దిగిన తర్వాత ఇవి చూడండి:

- సాకెట్ నట్ పలకల అడుగుదాకా వెళ్లిందా, సగంలోనే ఆగిందా?
- చేత్తో అటూ ఇటూ తిప్పితే ఎంత ఆట ఉంది? పిసరంత కదలిక ఉండాలి. కంటికి స్పష్టంగా కనిపించే ఊగిసలాట ఉంటే సైజు పెద్దది.
- సాకెట్ బయటి గోడ చక్రానికి రాసుకుంటోందా?
- తీసేటప్పుడు సులువుగా వస్తోందా, పీకాల్సి వస్తోందా?

ఎంఎం బదులు అంగుళాల సాకెట్ వాడొచ్చా? గ్యారేజీ సేల్‌లో కొన్న సెట్లలో అంగుళాల సాకెట్లే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న వస్తుంది. 3/4 అంగుళం అంటే 19.05 ఎంఎం, 19తో దాదాపు సమానం. 7/8 అంటే 22.23 ఎంఎం, 22 నట్ మీద కాస్త వదులుగా ఉన్నా అవసరానికి పని నడుస్తుంది. 13/16 మాత్రం 20.64 ఎంఎం. అది కొత్త 21 నట్ మీద దిగకపోవచ్చు. 13/16 నట్ మీద 21 పెడితే మూడో వంతు ఎంఎం ఆట ఉంటుంది. 150 ఫుట్-పౌండ్ల బిగింపు ఉన్నచోట ఆ ఆట మంచిది కాదు. సొంత ట్రక్‌కు కొనేటప్పుడు ఎంఎం సాకెట్‌నే కొనండి.

నాలుగు చేతుల క్రాస్ రెంచ్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎంఎం రకంలో తరచుగా దొరికేవి 17, 19, 21, 23. అందులో 22 లేదు! సిల్వరాడో, రామ్ వాళ్లు 23 వైపును పెట్టి తిప్పకండి.

## 6. ఆరు మూలల సాకెట్ మాత్రమే

సాకెట్ లోపల చూస్తే ఆరు మూలలైనా ఉంటాయి, పన్నెండైనా ఉంటాయి. లగ్ నట్లకు ఆరు మూలలదే కొనండి. ఆరు మూలలది నట్ పలకల మీద బలం పెడుతుంది. పన్నెండు మూలలది నట్ మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, మూల కాస్త అరిగి ఉంటే జారిపోతుంది. పన్నెండు మూలలది ఇరుకు చోట్ల ఇంజిన్ పనికి సౌకర్యం. చక్రం దగ్గర దానివల్ల లాభం లేదు.

## 7. లోతు, గోడ మందం

పికప్ నట్లు పొడవు. అలాయ్ చక్రాల్లో అవి గుంతలో లోపలికి ఉంటాయి. పొట్టి సాకెట్ పెడితే రాచెట్ (సాకెట్‌ను తిప్పే పిడి) తల చక్రానికి తగులుతుంది. నట్ చివర తెరిచి ఉండి స్టడ్ బయటికి పొడుచుకొచ్చే రకమైతే, పొట్టి సాకెట్ స్టడ్‌కు తగిలి పలకల దాకా దిగదు. కాబట్టి డీప్ సాకెట్, అంటే పొడవాటిది, కొనండి.

మందం సంగతి బయట కొన్న చక్రాలు వేసుకున్నవాళ్లు తప్పక చూసుకోవాలి. వాటిలో నట్ గుంత ఇరుకు. మామూలు ఇంపాక్ట్ సాకెట్ గోడ మందంగా ఉంటుంది కాబట్టి సైజు సరైనదే అయినా గుంతలో దూరదు. క్యాలిపర్ లోపలి దవడలతో గుంత వెడల్పు కొలిచి రాసుకోండి. దుకాణంలో సాకెట్ బయటి వెడల్పు దానికన్నా ఒకటి రెండు ఎంఎం తక్కువ ఉందో లేదో కొలిచి చూడండి. పల్చని గోడతో, పైన ప్లాస్టిక్ తొడుగుతో లగ్ నట్ల కోసమే చేసిన సాకెట్లు దొరుకుతాయి. ఆ తొడుగు అలాయ్ మీద గీతలు పడకుండా కాపాడుతుంది. తొడుగు మందాన్ని కూడా కొలతలో కలుపుకోండి.

## 8. చేతికి ఏది, గన్‌కు ఏది

మెరిసే క్రోమ్ సాకెట్లు సాధారణంగా క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేస్తారు. గట్టివి, చేతి పనికి బాగుంటాయి. ఇంపాక్ట్ గన్ దెబ్బలకు మాత్రం చిట్లి ముక్కలు ఎగరవచ్చు. నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి. దెబ్బకు తట్టుకుంటాయి.

నా సలహా: ఇంపాక్ట్ సాకెట్ ఒక్కటే కొనుక్కోండి. దాన్ని చేత్తోనూ వాడొచ్చు, గన్‌తోనూ వాడొచ్చు. క్రోమ్‌కు ఆ సౌలభ్యం లేదు.

వెనుక చదరపు రంధ్రం, అంటే డ్రైవ్, 1/2 అంగుళం ఉండాలి. 3/8 డ్రైవ్ రాచెట్‌తో లగ్ నట్ విప్పబోతే రాచెట్ లోపలి పళ్లు పోతాయి. 3/4 డ్రైవ్ పెద్ద కమర్షియల్ బండ్లకు, మామూలు పికప్‌కు బరువే తప్ప ఉపయోగం లేదు. డ్రైవ్ మార్చే అడాప్టర్లకు కూడా దూరంగా ఉండండి. బలం పెట్టినప్పుడు మొదట విరిగేవి అవే.

పిడి పొడవును తక్కువ అంచనా వేయకండి. 150 ఫుట్-పౌండ్లతో బిగించిన నట్‌ను 10 అంగుళాల పిడితో కదపాలంటే చేతి దగ్గర 180 పౌండ్ల బలం కావాలి. 24 అంగుళాల బ్రేకర్ బార్‌తో (నట్ విప్పడానికి వాడే పొడవాటి పిడి) అదే పనికి 75 పౌండ్లు చాలు. తుప్పు పట్టిన నట్‌కు ఇంకా ఎక్కువే పడుతుంది. ఇంట్లో ఎవరికైనా సాధ్యమయ్యేలా ఉండాలంటే ఆ పొడవాటి బార్ తప్పనిసరి.

## 9. ఉబ్బిన నట్లు: అసలు తలనొప్పి

"సరైన సైజే కొన్నాను, దూరడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడికే చేరతాయి. అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాను.

చాలా ట్రక్‌లలో కంపెనీ నట్లు రెండు ముక్కలవి. లోపల మామూలు ఉక్కు నట్, పైన అందం కోసం పల్చని మెరిసే లోహపు తొడుగు. ఆ రెండింటి మధ్యకు నీరు, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు చేరతాయి. లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పుకు చోటు ఎక్కువ కావాలి కాబట్టి తొడుగు ఉబ్బుతుంది. గన్‌తో పదే పదే విప్పి బిగించడం వల్ల తొడుగు వంకర్లు పోతుంది కూడా. చివరికి 21 నట్ మీద 21 దిగదు, 22 వదులుగా తిరుగుతుంది. మిషిగన్, ఒహాయో లాంటి ఉప్పు రోడ్ల రాష్ట్రాల్లో ఇది మరీ ఎక్కువ.

గుర్తుపట్టే ఆనవాళ్లు:

- మూడు జతల పలకల కొలతలు ఒకలా లేవు.
- పలక మీద వేలితో రాస్తే బొడిపె తగులుతోంది.
- తొడుగు అంచు దగ్గర తుప్పు గీత కనిపిస్తోంది.
- గోరుతో లేదా చిన్న సుత్తితో తడితే ఖాళీ శబ్దం వస్తోంది.
- ఒకే చక్రంలో కొన్నిటికి సాకెట్ దిగుతోంది, కొన్నిటికి దిగడం లేదు.

ఇప్పటికిప్పుడు విప్పాలంటే:

1. 21.5, 22.5 లాంటి అర సైజు సాకెట్లు సరిగ్గా ఇలాంటి నట్ల కోసమే అమ్ముతారు. ముందు అది ప్రయత్నించండి.
2. లేకపోతే అసలు సైజు ఆరు మూలల ఇంపాక్ట్ సాకెట్‌ను నట్ మీద పెట్టి సుత్తితో మెల్లగా దించండి. కళ్లద్దాలు పెట్టుకోండి. క్రోమ్ సాకెట్‌ను కొట్టొద్దు.
3. తొడుగు ఊడి చేతికి వస్తే కంగారు పడకండి. లోపలి నట్ చిన్నది. 20, ఆ తర్వాత 19 పెట్టి చూడండి. బిగువుగా దిగినదాంతో విప్పండి.
4. మూలలు పూర్తిగా అరిగిపోతే లోపల మెలికల గాడులున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వాడాలి. అది తిప్పేకొద్దీ నట్‌ను కొరికి పట్టుకుంటుంది. ఆ నట్ ఇక పారేయడానికే.
5. నట్ సాకెట్‌లోనే ఇరుక్కుపోతే వెనుక డ్రైవ్ రంధ్రంలోంచి పంచ్ గానీ పాత బోల్ట్ గానీ పెట్టి కొట్టి బయటికి తీయండి.

శాశ్వత పరిష్కారం: అర సైజు సాకెట్ కొనుక్కుని సర్దుకుపోవడం పరిష్కారం కాదు. ఉబ్బడం ఆగదు. వచ్చే ఏడాదికి ఆ అర సైజు కూడా దిగకపోవచ్చు. తొడుగు లేని, ఒకే ముక్కతో చేసిన నట్ల సెట్ వేయించండి. ఒక్కటి ఉబ్బినా మొత్తం సెట్ మార్చడమే మంచిది, ఎందుకంటే మిగతావి కూడా అదే వానలో, అదే ఉప్పులో తిరిగినవే.

కొత్త నట్లు కొనేటప్పుడు నాలుగు విషయాలు కలవాలి: స్టడ్ లావు, మర దూరం, చక్రానికి ఆనుకునే అడుగు ఆకారం, బయటి సైజు. అడుగు ఆకారం కోన్‌లా ఉండొచ్చు, గుండ్రంగా ఉండొచ్చు, వాషర్‌తో చదునుగా ఉండొచ్చు. పాత నట్ ఒకటి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. ఆకారం కలవని నట్ ఎంత బిగించినా చక్రం వదులవుతుంది. నట్లు మార్చాక ట్రక్‌లోని సాకెట్ కొత్త నట్‌కు సరిపోతుందో లేదో ఆరోజే చూసుకోండి.

## 10. తాళం నట్లు, గాడుల నట్లు

ప్రతి చక్రానికి ఒక నట్ వేరేగా కనిపిస్తే అది దొంగతనం జరగకుండా వేసే లాక్ నట్. దానికి సాకెట్ ఒక్కటే సరిపోదు, ప్రత్యేకమైన కీ కావాలి. కీని నట్ మీద పెట్టి, కీ వెనుక ఉన్న ఆరు పలకలకు సాకెట్ పెడతారు. ఆ పలకల సైజు మిగతా నట్ల సైజు కాకపోవచ్చు, విడిగా కొలవండి.

బయటి చక్రాలకు వాడే సన్నని గాడుల నట్లకూ ఇదే పద్ధతి. ఈ కీల మీద ఇంపాక్ట్ గన్ వాడొద్దు, సన్నని పళ్లు విరిగిపోతాయి. సెకండ్‌హ్యాండ్ ట్రక్ కొనేటప్పుడు "లాక్ కీ ఎక్కడుంది?" అని డబ్బు కట్టే ముందే అడగండి. టైర్ షాపులో పని చేయించుకున్నాక కీ తిరిగి ఇచ్చారో లేదో చూసుకోకుండా బండి కదిలించకండి.

## 11. విప్పే, బిగించే వరుస

సాకెట్ కుదిరాక ఒక్కసారి ఇంటి దగ్గరే మొత్తం చేసి చూడండి.

1. చదునైన నేల, పార్కింగ్ బ్రేక్, ఎదురు మూల చక్రానికి అడ్డుకట్ట.
2. చక్రం నేల మీద ఉండగానే ప్రతి నట్‌ను అర చుట్టు వదులు చేయండి. సాకెట్‌ను ఒక చేత్తో నట్ వైపు నొక్కి పట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కూ పిడికీ మధ్య తగిలించే కడ్డీ) వాడితే దాని చివర కిందికి వాలకుండా ఆసరా ఇవ్వండి. వాలితే సాకెట్ జారుతుంది.
3. మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి ఎత్తండి. ట్రక్ కిందికి దూరకండి.
4. నట్లు తీసి గుడ్డ మీద వరుసగా పెట్టండి.
5. స్టడ్ మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. విప్పడానికి తుప్పు నూనె వాడి ఉంటే తుడిచేయండి. నూనె, గ్రీజు పూసి బిగిస్తే అదే టార్క్‌కు, అంటే అదే బిగింపు అంకెకు, స్టడ్ మీద లాగుడు ఎక్కువై సాగిపోతుంది.
6. నట్లను మొదట చేత్తోనే ఎక్కించండి. చేత్తో తిరగనిదాన్ని గన్‌తో తోస్తే మర పాడవుతుంది.
7. చక్రం నేలకు ఆనేలా దించి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకు తీసుకురండి.
8. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. బయటి అలాయ్ చక్రాలైతే ఇది అస్సలు మానొద్దు.

టార్క్ రెంచ్ విప్పడానికి కాదు. దాని పని బిగింపు కొలవడమే. సొంతంగా కొనే ఉద్దేశం లేకపోతే ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పరికరాలు అరువిస్తాయి.

## 12. తరచూ ఎదురయ్యే చిక్కులు

సాకెట్ సగమే దిగుతోంది. గుంతలో మట్టి, రాయి ఉందేమో చూడండి. లేకపోతే గోడ మందం గానీ, ఉబ్బిన తొడుగు గానీ కారణం.

బార్ మీద బలం పెట్టగానే సాకెట్ జారుతోంది. వెంటనే ఆపండి. ఇంకోసారి జారితే మూల పోతుంది. సైజు మళ్లీ చూడండి, బార్ నేరుగా ఉందో లేదో చూడండి.

సైజు సరైనదే, నట్ కదలడం లేదు. తుప్పు నూనె కొట్టి ఓ పావుగంట ఆగండి. బార్ మీద ఎక్కి గెంతకండి. జారితే కాలు, చక్రం రెండూ దెబ్బతింటాయి. కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పితే తుప్పు వదులుతుంది.

టైర్ షాపు గన్‌తో మరీ బిగించేసింది. ఇంటికి వచ్చాక ఒక్కో నట్‌ను వదులు చేసి, మీ టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి. మీ బార్‌తో అవి ఊడతాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

## 13. ఇండియాలో హైలక్స్, వీ-క్రాస్ ఉన్నవాళ్లకు

టొయోటా హైలక్స్ 2022లో భారత మార్కెట్‌లోకి వచ్చింది. దాని వీల్ నట్లకు 21 ఎంఎం సాకెట్, స్టడ్ ఎం12×1.5. ఇసుజు వీ-క్రాస్, బొలెరో పికప్, టాటా యోధ వాళ్లు 4వ మెట్టు ప్రకారం కొలిచి నిర్ణయించుకోండి.

మన పంచర్ షాపుల్లో పొడవాటి పైపు తగిలించిన వీల్ పానాతో బిగించేస్తారు. అరిగిపోయిన పానా పెడుతుంటే ఆపి, మీ సాకెట్ మీరే ఇవ్వండి. అన్న ఏమీ అనుకోడు, ఆయన పనీ సులువవుతుంది.

## 14. ట్రక్‌లో ఎప్పుడూ ఉండాల్సినవి

- పరీక్షించి చూసిన సైజు డీప్ ఇంపాక్ట్ సాకెట్, ఆరు మూలలది, 1/2 డ్రైవ్
- తొడుగు నట్లు ఇంకా ఉంటే అర సైజు పెద్ద సాకెట్ ఒకటి
- 24 అంగుళాల బ్రేకర్ బార్
- చిన్న ఎక్స్‌టెన్షన్
- లాక్ నట్ కీ, ఉంటే
- కిందనున్న స్టెప్నీని దించే కడ్డీలు, దాని తాళం
- అడ్డుకట్టలు, గ్లవ్స్, టార్చి లైటు
- సాకెట్ సైజు, టార్క్ అంకె రాసిన చీటీ, జాకీ సంచిలోనే

స్టెప్నీ స్టీల్ చక్రమైతే, ఇవే నట్లు దానికీ సరిపోతాయా లేక వేరే నట్లు వాడాలా అన్నది మాన్యువల్‌లో చూసి, అది కూడా ఆ చీటీలోనే రాసిపెట్టండి.